నీరు చొరని ట్యాంకు

షబానాకు అప్పగించిన పని మనిషి చావు గురించి కాదు. జెద్దాలోని బీమా సర్వే ఆఫీసు ఆమె చేతిలో పెట్టిన కాగితంలో ఉన్నది ఒకటే మాట. రాబిగ్ వర్క్‌షాపులో ఉన్న పాత జపాను యుద్ధ ట్యాంకుకు దెబ్బేమైనా తగిలిందేమో చూసి రావాలి. గురువారం సాయంత్రం దాని లోపల ఎల్లన్న అనే వెల్డరు చచ్చిపోయాడన్న సంగతి అదే కాగితంలో అట్టడుగున, పెయింటు మీద పడ్డ గీత గురించి రాసినంత తేలిగ్గా రాసి ఉంది. పద్నాలుగేళ్ళుగా మునిగిన ఓడలూ, కూలిన క్రేన్లూ, కాలిన గోదాములూ చూసి ఎవరిది తప్పో తేల్చే పని ఆమెది. మనిషి చెప్పేదానికంటే ఇనుము చెప్పేదాన్నే ఎక్కువ నమ్ముతుంది. ఆ నమ్మకం ఆమెను అన్నిసార్లూ గట్టెక్కించింది, ఆ శనివారం తప్ప.

షెడ్డులో అడుగుపెట్టేసరికి ఒంటిగంటా పది. రెండో వెల్డరు పీరయ్యను కంపెనీవాళ్ళు గేటు గదిలో కూర్చోబెట్టి బయట తాళం వేశారు. అసర్ నమాజు కాగానే, నాలుగింటికి, పోలీసులు వచ్చి హత్యానేరం కింద తీసుకుపోతారు. రెండు రోజులుగా అతను ఒక్క ముక్క మాట్లాడలేదు. అర్ధాంగీకారం సంగతి దేవుడెరుగు, ఇలాంటిచోట మౌనమంటే పూర్తి అంగీకారమే. అంటే అతను నిజంగా చంపాడో లేదో తేల్చడానికి ఆమెకున్నది మూడు గంటలు కూడా కాదు.

"మేడమ్, మీ స్కోప్ ట్యాంక్ వరకే అండి." ఎదురొచ్చిన గోపాలకృష్ణ మొదటి మాటే అది. కాకినాడ మనిషి, కంపెనీ సేఫ్టీ మేనేజరు. విచారణ జరిపి నివేదిక రాసిందీ ఆయనే. "డెత్ ఇన్వెస్టిగేషన్ మేం క్లోజ్ చేసేశాం. రిపోర్ట్ ఆల్రెడీ సబ్మిట్ అయిపోయింది."

"నేనూ ట్యాంకునే చూస్తా సార్. మనిషి దాని కడుపులో చచ్చిపోయినాడు. కడుపు చూడకుండా ట్యాంకు చూసినానని ఎట్లా రాసేది?"

"చూస్కోండి. పెయింట్ కూడా పోలేదు."

యుద్ధకాలంలో జపాను వాళ్ళు ప్రయోగం కోసం ఒక్కటంటే ఒక్కటి చేసి, యుద్ధానికి పంపకుండానే వదిలేసిన బండి అది. నేల మీద గొలుసు పట్టాలతో నడుస్తుంది, నీళ్ళలో పడవలా తేలుతుంది. తేలడానికని ముందొకటి, వెనకొకటి బోలు ఇనుప డబ్బాలు బిగించారు. వర్క్‌షాపు కూలీలు ముందుదాన్ని ముక్కు అంటారు, వెనకదాన్ని తోక అంటారు. దీన్ని కొన్న పెద్దమనిషి తన మ్యూజియం కొలనులో మళ్ళీ తేలించాలని ముచ్చటపడ్డాడు. అందుకని రెండు డబ్బాల మూతలకూ కొత్త రబ్బరు వేశారు. నీళ్ళు నింపి ఎక్కడా కారడం లేదని చూసుకుని, ఆ నీళ్ళు వంపేసి, తడి ఆరకముందే ఎనిమిదేసి బోల్టులు బిగించి మూడు వారాలు వదిలేశారు. శనివారం వెల్డింగు పని ఉందని గురువారం మధ్యాహ్నం ముక్కు మీది బోల్టులు మాత్రం ఊడదీసి, మూత అలాగే దాని మీద పెట్టి ఉంచారు.

షబానా నివేదిక తిరగేసింది. గురువారం ఆరూ ఐదుకు మగ్రిబ్ నమాజు కోసం పని ఆపారు. షెడ్డు ఖాళీ అయింది. ఆరూ ఎనిమిదికి ఎల్లన్న, పీరయ్య ఇద్దరూ ట్యాంకు ముందువైపుకు వెళ్ళడం కెమెరాలో పడింది. అటుపక్కకు కెమెరా చూపు అందదు. ఆరూ ఇరవై ఒకటికి పీరయ్య ఒక్కడే షెడ్డు వాకిలి దాకా వచ్చి నిలబడ్డాడు. ఆరూ ముప్ఫై నాలుగుకు వెనక్కి వెళ్ళాడు. ఆరూ నలభైకి కేకలు. జనం వచ్చేసరికి ఎల్లన్న ముక్కు లోపల, తల పగిలి, ప్రాణం లేకుండా ఉన్నాడు. పక్కన సుత్తి, పాన పడి ఉన్నాయి. ఇద్దరికీ ఊరికి వెళ్ళే వెకేషను దగ్గర బుధవారమే గొడవ జరిగింది. ఇద్దరిలో ఒక్కరినే పంపుతామన్నారు, ఆ ఒక్కడూ ఎల్లన్న అయ్యాడు.

"సుత్తికి రక్తం ఉండిందా?"

"వాష్ చేసేసుంటాడండి."

"ఎక్కడ? కుళాయి షెడ్డు వెనకాల ఉంది. ఆ ముప్ఫై రెండు నిమిషాల్లో కెమెరాలో అటు పోయింది లేదు."

"గుడ్డతో తుడుచుంటాడు."

"ఆ గుడ్డ?"

గోపాలకృష్ణ వాచీ చూసుకున్నాడు.

ఒంటిగంటా ముప్ఫై ఐదు. షబానా తన గాలి మీటరును తాడు కట్టి ముక్కులోకి దింపింది. ఆక్సిజన్ ఇరవై పాయింట్ ఎనిమిది శాతం, మామూలే. రెండు రోజులుగా మూత తీసే ఉంది కాబట్టి బయటి గాలే లోపలా ఉంది. టార్చి పళ్ళతో కరిచి పట్టుకుని దిగింది. లోపల మనిషి మోకాళ్ళ మీద కూర్చోవచ్చు, నిలబడటానికి లేదు. అడుగునుంచి జానెడెత్తులో అడ్డంగా ఒక ఇనుప బద్దె ఉంది. రక్తం దాని అంచు మీదే గడ్డకట్టి ఉంది. పైన రేకు మీద గానీ పక్క గోడల మీద గానీ ఒక్క చుక్క లేదు. సుత్తితో కొడితే నెత్తురు చిమ్ముతుంది. ఇక్కడ చిమ్మలేదు. మనిషి తనంతట తానే ముందుకు ఒరిగి బద్దె మీద పడ్డాడు.

బద్దె వెనక సందులో టార్చి వెలుగుకు మూడు అగ్గిపుల్లలు కనిపించాయి. ఆ పక్కన ఇనుము మీద వేలితో పెట్టిన కుంకుమ బొట్టు ఉంది. ఎవరో తుడిచారు గానీ తుప్పు గుంటల్లో ఎరుపు మిగిలిపోయింది. వంగి వాసన చూసింది. కర్పూరం.

ప్రొద్దుటూరులో వాళ్ళ నాయనకు లారీ షెడ్డు ఉండేది. దసరా నాడు మేస్త్రీలు పానాలూ జాకీలూ కడిగి వరసగా పేర్చి బొట్లు పెడితే, నాయన నమాజు చదువుకుని వచ్చి అందరికీ బెల్లం పంచేవాడు. గురువారం దసరా అన్న సంగతి నివేదికలోనూ లేదు, ఇక్కడ ఎవరి నోటా రాలేదు. ఈ దేశంలో పూజ చేసుకోవాలంటే ఎవరి కంటా పడకుండా చాటుగా చేసుకోవాల్సిందే.

పుల్లల్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. మూడింటికీ తల నల్లగా మాడింది, తల కింది కర్ర మాత్రం కొత్తగా పెట్టెలోంచి తీసినట్టు తెల్లగా ఉంది. గీసినప్పుడు మందు భగ్గుమంది, కర్రకు మంట అందుకోలేదు. ఒకటైతే చెమ్మ అనుకోవచ్చు. మూడూ అంతేనంటే లోపల మంట బతికే గాలి లేదు. మంట బతకనిచోట మనిషి ఎంతసేపు బతుకుతాడు?

పైకి వచ్చి నేరుగా తోక దగ్గరికి నడిచింది. అది మూడు వారాలుగా తెరవని డబ్బా. అదే ఇనుము, అదే రబ్బరు, అదే తడి. ఒక బోల్టు ఊడదీసి, ఆ సందులోంచి సన్నటి గొట్టం దూర్చి మీటరుకు తగిలించింది. మీటరు చెవులు చిల్లులు పడేలా అరిచింది. ఆక్సిజన్ ఆరు పాయింట్ నాలుగు శాతమే.

"చూసినారా సార్? తడి తుప్పు గాలిని తినేస్తాది. నీళ్ళు చొరకుండా బిగించినారు, గాలి కూడా చొరలేదు. పైన మూత వాలి ఉంటే ఒక్క మధ్యాహ్నంలో లోపలి గాలి మారిపోదు. ఎల్లన్నను ఎవురూ కొట్టలేదు. ఊపిరాడక పడిపోయినాడు."

గోపాలకృష్ణ చేతిలోని ఫైలులోంచి ఒక కాగితం లాగాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకోవడమంటే అదే. "మీరు టెస్ట్ చేసింది రియర్ ఫ్లోట్ అండి. చనిపోయింది ఫ్రంట్‌లో. ఫ్రంట్ నేనే టెస్ట్ చేశాను. గురువారం మధ్యాహ్నం మూడింటికి. ట్వంటీ పాయింట్ నైన్. లోపలికి దిగొచ్చని ఇదిగో పర్మిట్, ఇదిగో నా సైన్."

"ఏ మీటరుతో చేసినారు?"

"స్టోర్ మీటర్‌తో."

స్టోరు షెడ్డుకు అవతలి పక్కనే. దాన్ని చూసేది ముస్తాక్, నిజామాబాద్ మనిషి. షబానా అడిగితే అతను మొదట గోపాలకృష్ణ మొహం చూశాడు, తర్వాత నేల చూశాడు.

"ఉన్నది ఒక్కటే మీటర్ మేడం. సోమవారం నాడే జెద్దాకు పంపినం, రిపేరుకు. ఇంక రాలే." అని, "సార్‌కు ఎర్కనే," అన్నాడు.

రెండూ ఇరవై. ముస్తాక్‌ను బయటికి పంపి గోపాలకృష్ణ తలుపు దగ్గరికి వేశాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అన్నట్టుగా ఉంటుందనుకున్న షబానాకు అతని గొంతు ఆశ్చర్యం కలిగించింది. అందులో బెదిరింపూ లేదు, బతిమాలుకోవడమూ లేదు. అలసిపోయిన గొంతు అది.

"ఆ పర్మిట్ శనివారం పనికండి. శనివారం లోపల మీటర్ వచ్చేస్తుంది, అప్పుడు చెక్ చేద్దాం లెమ్మని ముందే సైన్ పెట్టేశాను. తప్పే. కానీ గురువారం వాణ్ణి ఎవడు దూరమన్నాడు? ఎందుకు దూరాడో నాకు తెలీదనుకుంటున్నారా? కుంకుమ మీకంటే ముందు నేనే చూశాను."

"తుడిచింది మీరేనా?"

"నేను కాదు. పీరయ్యే తుడిచుంటాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నానంతే. రాయండి మేడమ్, పూజ చేసుకోడానికి దూరాడని రాయండి. రేపట్నించి లేబర్ క్యాంప్‌లో మనవాళ్ళ గదులన్నీ సోదా చేస్తారని అక్కడ అందరికీ భయం. నిజంగా చేస్తారో లేదో నాకూ తెలీదు, మీకూ తెలీదు. మీరు రిస్క్ తీసుకుంటారా?"

"మీ సంతకం పోకుండా ఉండేదానికి ఒక మనిషిని హంతకుణ్ణి చేస్తారా?"

"నేను చెయ్యలేదు. నేను రాశాను, వాడు కాదనలేదు. నోరు విప్పి కాదంటే నేనూ రిపోర్ట్ మార్చుకుంటాను."

కంచే చేను మేసిందని తిట్టిపోయవచ్చు. కానీ అతనన్న చివరి మాట నిజం, అదే ఆమెకు ఒళ్ళు మండించింది. పుల్లలున్నాయి, మీటరు లెక్క ఉంది, అబద్ధపు పర్మిట్ ఉంది. ఇన్ని ఉన్నా బతికున్న సాక్షి నోరు మూసుకుని కూర్చుంటే ఏదీ పనికిరాదు. తాళంచెవి ఇమ్మని చేయి చాపింది. అతను ఇచ్చాడు.

మూడూ ఐదు. గేటు గదిలో పీరయ్య బెంచీ ఉండగా నేల మీద కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి, జగిత్యాల దగ్గరి పల్లె. ఎల్లన్నదీ అదే ఊరు. వీసా తెప్పించి అతన్ని ఈ దేశానికి రప్పించింది పీరయ్యే. ఎల్లన్న భార్య దేవవ్వకు నిన్న ఫోను చేసి సంగతి చెప్పాల్సింది కూడా అతనే, కానీ చెప్పలేదు. ఇంకెవరో చెప్పారు.

"పీరయ్యన్నా, నా పేరు షబానా. మాది ప్రొద్దుటూరు. నేను పోలీసును కాదు."

తల ఎత్తలేదు. ఆమె కూడా నేల మీదే కూర్చుని, చేతిరుమాలు విప్పి మూడు పుల్లలూ అతని ముందు పెట్టింది.

"ఇవి లోపల దొరికినాయి. మూడూ వెలగలా. లోపల గాలి చెడిపోయి ఉండింది. నువ్వు ఎల్లన్నను ఏమీ చేయలేదని ఈ పుల్లలే చెప్తాండాయి. దసరా పూజ సంగతి నాకు తెలుసు. ఎందుకు దాస్తాండావో కూడా తెలుసు."

అతను పుల్లల వంక చూసి నోరు విప్పాడు. రెండు రోజులు వాడని గొంతు కావడంతో మొదటి మాట సరిగ్గా రాలేదు.

"పూజ ముచ్చట రాయకు మేడం. క్యాంపుల పోరగాండ్లు ఆగమైతరు. మా ఎల్లన్న పీనుగ ఊరికి పోనియ్యరు."

"ఆ మాట ఎట్లా రాయాలో నేను చూసుకుంటా. జరిగింది చెప్పు. అక్కడికి ఎందుకు పోయినారు?"

"పోయినేడు పండుగకు పానకు బొట్టు వెట్టలే. నెల తిరగకముందే ఎల్లన్న చేతివేళ్ళు రెండు గ్రైండర్ల వడ్డయి. ఈసారి వెట్టకుంట కొత్త బండి ముట్టనన్నడు. రూముల వెడ్దమంటె పదిమంది ఉంటరు. సుత్తి, పాన పట్టుకొని గా డబ్బల వెడ్దం, ఎవలు సూడరన్నడు. నేనే సరే అన్న."

"వెకేషను కాడ గొడవ?"

"గది గొడవనా? నువ్వు పో అంటె నువ్వు పో అని కొట్లాడినం. ఆయన బిడ్డె పెండ్లీడుకొచ్చింది, నువ్వే పో అని నేనే ఒర్రిన."

షబానా రాసుకుంటోంది. "మూత ఎవురు మూసినారు?"

"నేనే. కర్పూరం వాసన బైటికి వస్తదని. కదలకుంట రెండు బోల్టులు ఏసిన." ఆ మాట చెప్పేటప్పుడు అతను తన చేతుల వంక చూసుకున్నాడు. "తీసి సూసేసరికి పడిపోయి ఉండె. బొట్టు తుడిసిన, అమ్మవారి పటం సంచిల వెట్టిన, గప్పుడు ఒర్రిన. ముందుగాల ఒర్రలే మేడం. ముందుగాల బొట్టు తుడిసిన."

"అప్పటికే ఆయప్ప లేడు. అది నీ తప్పు కాదు." ఆమెకు కావాల్సింది ఇంకొక్కటే. మూత పడ్డాక కూడా ఎల్లన్న బతికే ఉన్నాడని, అప్పుడు పీరయ్య బయట ఉన్నాడని తేలాలి. అది తేలితే సుత్తి కథ అక్కడితో ముగుస్తుంది. "మూత వేసినాక లోపల ఏం చేస్తాండాడో నీకేమన్నా తెలిసిందా?"

"పూజ చేసిండు."

"చేసినాడని నీకెట్లా తెలుసు?"

"గంట కొట్టిండు గద."

"లోపల గంట లేదే?"

"గీడ గంట ఏడికెళ్ళి వస్తది మేడం? హారతి వట్టేటప్పుడు గంట బదులు పానతోని ఇనుము మీద కొడ్తం. క్యాంపుల అందరం గట్లనే చేస్తం, ఎవలకు అనుమానం రాదు. ఆయన లోపట టక్కు టక్కుమని కొట్టిండు. నేను బైట సెప్పులిడిసి దండం వెట్టుకున్న."

"ఎంతసేపు?"

"శానసేపు. ఎప్పటికంటె ఎక్కువనే. ముందు గట్టిగ కొట్టిండు, తర్వాత మెల్లగయింది. ఈసారి నిండుగ చేస్తుండు, అమ్మవారు మంచిగ సూస్తది అనుకున్న. ఆగినంక, కండ్లు మూసుకొని కూసున్నడేమో, కదిలియ్యద్దని వాకిట్లకు పోయి కావలి ఉన్న."

కలం ఆగింది. ఆమె వెతుకుతున్న వాక్యం అదే. మూత బిగించాక ఎల్లన్న బతికున్నాడు, పీరయ్య బయట ఉన్నాడు. ఆ ఒక్క వాక్యంతో అతని మీద నేరం గాలికి పోతుంది. సంతోషించాల్సిన చోట షబానా చూపు పుల్లల మీదికి పోయింది. పద్నాలుగేళ్ళుగా ఎవరి ముందూ మారని మొహం ఆ ఒక్క క్షణం ఆమె మాట వినలేదు.

పీరయ్య ఆ మొహం చూశాడు. అక్కణ్ణుంచి చూపు కిందికి, చేతిరుమాలు మీది పుల్లల దగ్గరికి వెళ్ళింది. ఒకటి తీసి తెల్లటి కర్రను బొటనవేలితో తడిమాడు.

"గివి మూడు అంటలేదంటివి."

షబానా కలం పక్కన పెట్టింది.

"అగ్గి అంటకపోతె కర్పూరం ముట్టలే. కర్పూరం ముట్టకపోతె హారతి లేదు." చిన్నపిల్లాడు లెక్క చెప్పినట్టు ఒక్కొక్కటే చెబుతున్నాడు. "హారతి లేకుంట గంట ఎందుకు కొడ్తడు మేడం?"

"పీరయ్యన్నా..."

"నన్ను పిలిసిండు."

"నీకు తెలీదు. ఎవురికీ తెలిసేది కాదు. ఆ చోటులో ఎవురున్నా అదే అనుకుంటారు."

"మూడు మూరల దూరంల ఉన్న. నన్ను పిలుస్తుంటె నేను దండం వెట్టిన."

అతను ఏడవలేదు. ఏడిస్తే ఆమెకు కాస్త ఊరటగా ఉండేది. భుజం పట్టుకుని కదిపింది, నీళ్ళ సీసా చేతిలో పెట్టింది, నాలుగైదు సార్లు ఒకటే మాట చెప్పింది. ఇప్పుడు నాకు చెప్పింది చెప్పినట్టు వాళ్ళకూ చెప్పు, రాత్రికి క్యాంపులో ఉంటావు, దేవవ్వతో నువ్వే మాట్లాడచ్చు. ఆ పేరు వినగానే అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు. తను చేసిన తప్పేమిటో అప్పుడు తెలిసింది షబానాకు. కానీ నోరు జారిన మాటను వెనక్కి లాగే విద్య ఎవరికీ లేదు.

మూడూ యాభై. చెప్పిన టైముకు పది నిమిషాల ముందే గేటు ముందు బండి ఆగింది. ఆఫీసరు ఒకడు, వెనక ఇద్దరు, తర్జుమా చేయడానికి గోపాలకృష్ణ. షబానా ఎదురెళ్ళి తనకొచ్చిన అరబ్బీలో గబగబా చెప్పుకుపోయింది. గాలి, మీటరు, పర్మిట్, తలకు తగిలిన బద్దె. ఆఫీసరు ఓపిగ్గానే విన్నాడు. తోక డబ్బా దగ్గరి లెక్క మళ్ళీ చెప్పించుకున్నాడు, పర్మిట్ అడిగి తీసుకుని చూశాడు. గోపాలకృష్ణ మొహంలో నెత్తురు లేదు, అయినా అడ్డు చెప్పలేదు.

"సరే," అన్నాడు ఆఫీసరు. "ఈ మనిషి నోటితో కూడా వింటాను. చంపలేదని చెబితే, రేపు నిపుణుణ్ణి పంపిస్తాను. అడుగు."

గోపాలకృష్ణ తెలుగులోకి తిప్పాడు. మొదటిసారి అతని గొంతులోనూ ఆశ వినిపించింది. "పీరయ్యా, నువ్వు కొట్టలేదని చెప్పు చాలు. ఎల్లన్నని ఎవరూ చంపలేదని చెప్పు."

పీరయ్య గోడ ఆసరాతో లేచి నిలబడ్డాడు.

"నేనే సంపిన."

షబానా అతని చేయి పట్టుకుని, "అది కాదన్నా, వాళ్ళు అడిగేది అది కాదు, మూత సంగతి చెప్పు," అంటూనే ఉంది. గోపాలకృష్ణ ఆ రెండు మాటలూ తర్జుమా చేయకుండా నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

చేయాల్సిన అవసరం లేకపోయింది. పదకొండేళ్ళు ఈ దేశంలో ఇనుము అతికించినవాడికి ఆ మాత్రం అరబ్బీ వచ్చు. పీరయ్య ఆమె చేతిని మెల్లగా విడిపించుకుని, కుడిచేయి రొమ్ము మీద పెట్టుకుని, ఆఫీసరు కళ్ళలోకి చూస్తూ, "అనా," అన్నాడు. నేను అని. సరిగ్గా వినపడలేదేమోనని ఇంకోసారి కూడా అన్నాడు.

ఆఫీసరు పర్మిట్ కాగితం మడిచి గోపాలకృష్ణకు తిరిగి ఇచ్చేశాడు.